పగలు ఇల్లు ఖాళీ

“నీ తమ్ముడే. ఇంకెవరు?”

కొడుకు ఆ తడిగుడ్డను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు పైకెత్తాడు. నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతున్నాయి. లోపల చుట్టిన మంచుముక్కలు ఎప్పుడో కరిగిపోయాయి. నీళ్ళు నిండిన ప్లాస్టిక్ సంచి ఒకటి మిగిలింది.

గోడమీద ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పెట్టె నల్లబడి ఉంది. రోజూ అందులో వెలిగే అంకెలు లేవు. నొక్కితే పలకలేదు, కొడితే పలకలేదు.

“నేను తలుపు తీసేసరికి ఇల్లు ఇటుకల బట్టీలా ఉంది. కళ్ళద్దాలు మసకబారిపోయాయి. ఇదిగో, ఈ గుడ్డ దానిమీద కప్పి ఉంది. పాపం దానికి చలేసింది. ఇంట్లో అందరూ గడ్డకట్టుకుపోతున్నారనుకుని పగలంతా హీటరు మండించింది. నీళ్ళు లోపలికి దిగాయి, చచ్చింది. ఇప్పుడు హీటరూ లేదు, ఏమీ లేదు.”

కోడలు ఇంకా కోటు విప్పలేదు. పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేపోయేవాళ్ళకి రోజంతా నవ్వుతూ జవాబులు చెప్పి వచ్చిన మొహం అది. ఆ నవ్వు గుమ్మంలోనే వదిలేసి వచ్చింది.

“మా తమ్ముడికెందుకండీ ఈ పని? వాడు రాత్రంతా బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఓవెన్ల ముందు ఉడికి వస్తాడు. పగలు చల్లగా ఉంటేనే వాడికి నిద్ర.”

“అయితే ఎవరు? పగలు నువ్వు డాక్టరు దగ్గర, నేను బస్సు మీద, అమ్మ షాపులో. గోడ తనంతట తనే గుడ్డ కప్పుకుందా?”

అత్తగారు వీధి గుమ్మం పక్కన నిలబడి ఉంది. భుజాన కుట్టుపని సంచి. కోట్లు కుట్టే షాపు నుంచి అప్పుడే వచ్చిన మనిషిలాగే ఉంది. కొడుకు మాట్లాడుతున్నంతసేపూ ఆ గుడ్డ వంకే చూస్తోంది.

ఆ గుడ్డ కప్పింది ఆమే.

ఆమె షాపుకి వెళ్ళి చాలాకాలమైంది. ఆమె ఎరిగినంతలో ఈ సంగతి ఈ ఇంట్లో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడి మీదకే ఇప్పుడు నేరం వస్తోంది.

“గుడ్లగూబా!” కొడుకు మేడమెట్ల వైపు తలెత్తి అరిచాడు. “లేచావా, నేనొచ్చి లేపాలా?”

కోడలి తమ్ముడు కళ్ళు నులుముకుంటూ దిగి వచ్చాడు. బనీను చెమటకి ఒంటికి అంటుకుపోయింది. చెంపమీద దిండు ముడతలు అలాగే ఉన్నాయి.

“ఏంటి బావా, ఇల్లు తగలబడిందా? కలలో కూడా ఫ్యాక్టరీలోనే ఉన్నాను.”

“ఇదేంటి?”

అతను గుడ్డను చూశాడు. పెట్టెను చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అత్తగారిని చూశాడు. ఆమె సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

ఈ ఉపాయం చెప్పిందీ అతనే, నవ్వులాటకి. “దాని తెలివంతా ఒంటిమీదే అత్తయ్యా. దానికి చలి పుట్టించారనుకోండి, లోకమంతా చలే అనుకుంటుంది,” అన్నాడొకరోజు. అక్క ఆ పెట్టెకి నంబరుతో తాళం వేసింది మరి. తాళం వేసింది మొగుడి కోసం. కాస్త చలిగాలి తగిలితే చాలు, అతను బస్సు యాక్సిలరేటరు తొక్కినట్టు పాత పెట్టెను ముప్పై డిగ్రీలదాకా తోసేసేవాడు. ఎక్కువ పెడితే తొందరగా వేడెక్కదు, ఎక్కువసేపు మండుతుందంతేనని ఎంత చెప్పినా వినలేదు. అందుకని పొద్దున లేచేవేళకి వెచ్చగా, అందరూ పనులకి వెళ్ళగానే చల్లగా, సాయంత్రం వచ్చేసరికి మళ్ళీ వెచ్చగా ఉండేటట్టు వేళలు పెట్టించి బిగించేసింది. ఎండాకాలం వచ్చాక ఏసీకి కూడా ఇదే పద్ధతి. ఎవరూ లేని ఇంటికి వేడెందుకు, చలవెందుకు?

ఆ ఎవరూ లేని ఇంట్లో అత్తగారు శాలువా మీద శాలువా కప్పుకుని కూర్చునేది.

“అడుగుతున్నాను. ఎవరు కప్పారు?”

“నేనే బావా.”

“అబద్ధం!” అంది కోడలు. ఆ మాట ఎంత వేగంగా వచ్చిందంటే, అన్నాక తనే పెదవి కొరుక్కుంది.

“ఒప్పుకుంటున్నాడుగా, నీకేంటి బాధ?”

“ఇవాళ కాస్త చలేసింది బావా. జ్వరం వచ్చేటట్టుంటే...”

“జ్వరం వస్తే రగ్గు కప్పుకుంటారు. గోడకి కప్పరు.” కొడుకు గుడ్డను టేబుల్ మీదకి విసిరాడు. “తడిగుడ్డతో గొంతు కోస్తారని వినడమే. ఇవాళ మా ఇంట్లో చూశాను.”

తమ్ముడికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. అది బావ కంటపడింది, అసలు మంట అప్పుడు రేగింది.

“నవ్వు! ఎందుకు నవ్వవు? మా అమ్మని చూడు. ఈ వయసులో పొద్దున్నే లేచి, చలిలో నడిచి షాపుకి పోతోంది. కళ్ళు కనపడ్డా కనపడకపోయినా కోట్లకి అస్తరు కుట్టి, సాయంత్రం నడుం పట్టుకుని వస్తోంది. ఒక్కరోజు, ఒక్కరోజైనా నాకు చలేస్తోందిరా అందా? నువ్వు దుక్కలా ఉండి, ఒక్కడివి పడుకోవడానికి ఇల్లంతా కాస్తావా?”

“పోనీలేరా,” అంది అత్తగారు. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

“నువ్వూరుకో అమ్మా. నువ్వు చెప్పిందే కదా. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఎన్నిసార్లన్నావు? పగలు పడుకునేవాళ్ళని చూస్తే నీకు ఒళ్ళు మంట కాదూ?”

అన్నది. ఈ పిల్లాడు కొత్తగా వచ్చినప్పుడు, మెట్లెక్కి పడుకోబోతుంటే, వినపడేటట్టే అన్నది. తన సొంత మాటే తిరిగొచ్చి మొహాన తగిలింది.

“నేను సర్దుకుంటాను బావా,” అన్నాడు తమ్ముడు. “డ్యూటీకి ఎలాగూ వెళ్ళాలి. అటే వెళ్ళిపోతాను.”

వెళ్ళమని నోరు తెరిచి ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

కోడలు మొగుడి వంక చూడలేదు, తమ్ముడి వంక చూడలేదు. అత్తగారి వంక చూసింది. చూసి, నేల తుడిచే గుడ్డ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

మేడమీద చిన్నగదిలో ఇంకా వేడి తగ్గలేదు. తమ్ముడు రగ్గు మడతపెడుతున్నాడు. అత్తగారు మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఎందుకు నాయనా నీ నెత్తిన వేసుకున్నావు?”

“చెప్పొద్దని చెయ్యి పట్టుకుని అడిగారుగా. ఇప్పుడు ఎందుకంటారేం?”

“గుడ్డ సంగతి కాదుగా నేనడిగింది.”

“గుడ్డ లాగితే షాపు సంగతీ వస్తుంది అత్తయ్యా. దారం లాగితే కుట్టు రాదూ? మీకు నేను చెప్పాలా?”

ఆమె మంచం అంచున కూర్చుంది.

“నిద్ర పట్టేసిందా?” అని అడిగాడు, మెల్లగా.

“రోజూ మీ బావ వచ్చేలోపే తీసేస్తాను కదా. ఇవాళ వెచ్చగా ఉంటే కళ్ళు మూతపడ్డాయి. ఎన్నాళ్ళయిందో అట్లా నిద్రపోయి. మెలకువ వచ్చేసరికి గేటు చప్పుడు. ఒక్క ఉదుటున సంచి పట్టుకుని దొడ్డి తలుపులోంచి బయటపడ్డాను. వీధి చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చాను. గుడ్డ మాట గుర్తే లేదు.”

“పరిగెత్తారా?”

“పరిగెత్తాను.”

“మోకాళ్ళ నొప్పులన్నారు?”

“నోర్ముయ్.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక గది ఇంకా చిన్నదైనట్టయింది.

“నేను చెప్పేస్తాను,” అంది ఆమె.

“ఏమని?”

ఏమని చెప్పాలి? ఒక పెద్దమనిషి కోటు చేతులు తారుమారు చేసి కుట్టాననా? ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ. ఆ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డ మనిషి చేతులు ముందుకు రాక, బొమ్మలా బిగుసుకుపోయి నిలబడితే షాపులో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. సాయంత్రం షాపు యజమాని తలుపుదాకా వచ్చి, ‘కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా’ అన్నాడు. ఆ ‘కొన్నాళ్ళు’ ఎన్నాళ్ళో ఇద్దరికీ తెలుసు.

మొగుడు పోయినప్పుడు ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. మళ్ళీ లేవలేదు. కొడుకుని పెంచింది ఆ కుర్చీయే. ఆ కుర్చీ పోయాక తను ఎవరో ఆమెకి తెలియలేదు.

“నా సంగతి వదిలెయ్యండి,” అన్నాడు తమ్ముడు బ్యాగు జిప్పు లాగుతూ. “ఫ్యాక్టరీలో పిండి బస్తాల గది ఉంది. వెచ్చగా ఉంటుంది. నేను చూస్తున్నది మీ సంగతి. రేపట్నుంచి పగలు మీకు మాటకి తోడెవరు?”

ఆమె లేచి రగ్గు అందుకుంది. సర్దుతున్నట్టు ఇటు మడిచింది, అటు మడిచింది. అది అప్పటికే సర్ది ఉంది.

కింద హాల్లో వేడి దిగిపోతోంది. కొడుకు పెట్టె మూత ఊడదీసి ఊదుతున్నాడు.

“ఊదితే బతకదండీ,” అంది కోడలు నేల తుడుస్తూ. “మెకానిక్‌కి ఫోన్ చేశాను. రేపు వస్తాడు.”

“రేపటిదాకా?”

“రేపటిదాకా కోట్లేసుకుని కూర్చుందాం.”

తమ్ముడు బ్యాగుతో దిగాడు. గుమ్మం దగ్గర బల్లమీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. వెనకే దిగిన అత్తగారు మెట్ల దగ్గరే ఆగిపోయింది.

కోడలు తుడవడం ఆపింది. మళ్ళీ అత్తగారి వంకే చూస్తోంది. అరవలేదు, ఏడవలేదు, మొగుణ్ణి బతిమాలలేదు. కళ్ళు మాత్రం తిప్పలేదు.

తమ్ముడు తలుపు తీశాడు. చలి లోపలికి వచ్చింది.

“ఆగు,” అంది అత్తగారు. “గుడ్డ కప్పింది నేను.”

కొడుకు నవ్వాడు. “అమ్మా, నీ జాలి తగలెయ్య. నువ్వు షాపులో ఉన్నావు.”

“లేను.”

“సెలవు పెట్టావా?”

“షాపే లేదురా నాకు. మానిపించారు.”

కొడుకు చేతిలో పెట్టె మూత అలాగే ఉంది. “ఎప్పుడు?”

“చెట్లకింకా ఆకులున్నాయి అప్పటికి.”

“రోజూ సంచి తగిలించుకుని వెళ్తున్నావు కదమ్మా. పొద్దున్నే. నాకంటే ముందు.”

“వీధి చివర బట్టలుతికే దుకాణం ఉందిగా, మిషన్లు తిరుగుతుంటాయి, అందులో కూర్చుంటాను. మీరిద్దరూ వెళ్ళాక తిరిగొస్తాను.”

“నా బస్సు దాని ముందునుంచే పోతుంది.”

“తెలుసు. అద్దంలోంచి రోజూ చూస్తాను నిన్ను.”

“నేనెప్పుడూ...”

“రోడ్డు మీద చూపు పెట్టేవాడివి, పక్కకెందుకు చూస్తావు? చూడకూడదు కూడా.”

కొడుకు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. దొరకలేదు. బూట్ల బల్లమీద, బావమరిది లేచిన చోట కూలబడ్డాడు.

“చెప్పొచ్చు కదమ్మా.”

“ఏం చెప్పను? కోటు చేతులు తిరగేసి కుట్టానని చెప్పనా? మా అమ్మ పని చేస్తుంది, మా అమ్మ పని చేస్తుందని నువ్వు బస్సు డిపో అంతా చెప్పుకుంటుంటే, ఇంట్లో కూర్చుని తింటోందని చెప్పనా?”

చెప్పేసింది. ఇంతకాలం మోసిన బరువు దిగితే తేలికవుతుందనుకుంది. కాలేదు. గదిలో ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని అటూ ఇటూ చూసింది.

కోడలు ఆశ్చర్యపోలేదు.

కొడుకు మొహం పాలిపోయింది. కోడలి మొహంలో మాత్రం ఎప్పటి వార్తో విన్నట్టుంది.

“అమ్మాయ్,” అంది అత్తగారు. “నీకు తెలుసు.”

కోడలు తడిగుడ్డను పిండి, బకెట్టు అంచున ఆరేసింది. ఆ పని అయ్యాకే జవాబిచ్చింది.

“తెలుసత్తయ్యా. డాక్టరుగారి కోటు గుండీలు ఊడితే, మీకిద్దామని మీ షాపుకి వచ్చాను. మీ కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చునుంది.”

“ఎప్పుడు?”

“ఈ పెట్టె బిగించకముందే.”

కొడుకు ఒక్కసారిగా లేచాడు. ఇంతసేపూ ఎక్కడ దించాలో తెలియని కోపానికి స్టాపు దొరికింది. “తెలుసా? తెలిసి పగలు ఇల్లు చల్లబెట్టావా? మా అమ్మ ఇంట్లో వణుకుతుంటే నువ్వు నంబరు తాళం వేసి...”

“మీరు కూర్చోండి. మీతో కాదు.” కోడలు గొంతు పెంచలేదు. అత్తగారి దగ్గరికి రెండడుగులు వేసి ఆగింది. “ఆ బిగించేవాడు ఈ హాల్లో నిలబడి అడిగాడు, గుర్తుందా అత్తయ్యా? ‘పగలు ఇంట్లో ఎవరుంటారండీ, దాన్ని బట్టి వేళలు పెడతాను’ అని. నేనేమన్నాను?”

అత్తగారు ఆ నల్లబడ్డ పెట్టె వంక చూసింది.

“మా తమ్ముడుంటాడు, వాడికి చలే ఇష్టం. ఇంకెవరూ ఉండరు కదా అత్తయ్యా, అన్నాను. మీ మొహంలోకి చూసి అడిగాను. ‘నేనుంటానమ్మా’ అని ఒక్క మాట అంటారేమోనని చూశాను. అతను కూడా వేలు మీట మీద పెట్టుకుని ఆగాడు. మీరు సంచిలో కత్తెర వెతుక్కుంటున్నారు.”

“పరాయివాడి ముందా అడిగేది?”

“విడిగా అడిగితే మీ గుట్టు రట్టు చేసినట్టుండదూ?”

“సరే, నేను నోరు విప్పలేదు. నంబరు నీ చేతిలోనే ఉందిగా. కాస్త పెంచలేకపోయావా?”

“పెంచితే నాకు తెలిసిపోయిందని మీకు తెలిసిపోతుంది కదత్తయ్యా.” ఆమె ఆగింది. తమ్ముడి వంక ఒకసారి చూసి, మళ్ళీ అత్తగారి వైపు తిరిగింది. “మొదట్లో అందుకే. ఇకముందు అబద్ధం వద్దు, ఉన్నది చెప్తాను. తర్వాత్తర్వాత నాకు కోపం వచ్చింది. రోజూ సాయంత్రం వచ్చి, ఇవాళ షాపులో ఇంత పని, యజమాని ఇలా అన్నాడు, ఫలానా ఆయన కోటు బాగుందని మెచ్చుకున్నాడు అని చెప్తారు. నేను ఊఁ కొట్టాలి. ఇలా కళ్ళ ముందు తిరిగే నాతో ఎందుకు చెప్పదు, నేనంత పరాయిదాన్నా అనిపించింది. ఎంత చలి అయితే చెప్తుందో చూద్దామనుకున్నాను.”

కొడుకు చేతిలోని పెట్టె మూతను బల్లమీద పెట్టాడు.

“చెప్పలేదు,” అంది కోడలు. “నా తమ్ముడు సంచి సర్దుకునేదాకా చెప్పలేదు.”

తెరిచిన తలుపులోంచి గాలి వీస్తోంది. తమ్ముడు ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టుకుని నిలబడ్డాడు. “నేను ఉంటున్నానా, పోతున్నానా? ఎవరో ఒకరు చెప్తే తలుపు వేసుకోవచ్చు,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొడుకు భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ఎవరిని కసరాలో తెలియక తన చేతుల్ని చూసుకున్నాడు.

“రేపు అదే మనిషి వస్తాడత్తయ్యా, కొత్త పెట్టె బిగించడానికి,” అంది కోడలు. “మళ్ళీ అదే మాట అడుగుతాడు. పగలు ఎవరుంటారని. ఈసారి నేను మాట్లాడను. మీరే చెప్పండి.”

అది బతిమాలడమో, సవాలో ఆమెకే తెలిసినట్టు లేదు.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ‘ఎంత చలి అయితే చెప్తుందో’ అన్న మాట ఆమె ఎముకల్లో దిగి కూర్చుంది. తరువాత భుజంమీద జారిన సంచిని సర్దుకుంది.

“నువ్వే చెప్పమ్మా,” అంది. “పగలు ఎవరూ ఉండరని చెప్పు. ఈసారి అది అబద్ధం కాకుండా నేను చూసుకుంటాను.”

“అమ్మా!” అన్నాడు కొడుకు.

ఆమె అప్పటికే గుమ్మం దాకా నడిచింది.

“తలుపు వెయ్యకు నాయనా,” అంది కోడలి తమ్ముడితో. “నేనూ వస్తున్నాను.”